అధికారపు హద్దులు వెతికిన న్యాయమూర్తి: పాకాల వెంకట రాజమన్నారు

(మత్తూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



వకీలుగా మొదలుపెట్టి దేశంలో పెద్ద పదవులు చేసిన ఒకరి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మన ప్రాంతంలో ఆ మాట అనగానే ఎవరికైనా ముందు తట్టే పేరు రాజాజీ. హోసూరు పక్కనున్న తొరపల్లిలో 1878లో పుట్టి, సేలంలో ప్లీడరీ చేసి, గవర్నర్ జనరల్ దాకా వెళ్ళిన మనిషి. ఆయన గురించి ఈ జిల్లాలో వినని చెవి లేదు. నేను ఇంకొకరిని ఎంచుకున్నాను. ఆయన తెలుగువాడు, పుట్టింది మద్రాసులో, పనిచేసింది మద్రాసులో, కన్నుమూసింది 1979లో. పేరు పాకాల వెంకట రాజమన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోర్టులో ఇంగ్లీషు. కృష్ణగిరి జిల్లాలో పుట్టిన మనకు ఈ బతుకు గురించి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1956లో రాష్ట్రాలు చాలావరకు భాషల వారీగా సర్దుకున్నాక, తెలుగువాళ్ళలో కొందరం గీతకు ఇవతల ఉండిపోయాం. ఆయనా ఇవతలే ఉన్నారు.

ఆయన చేసిన పదవుల జాబితా చదివి, దండ వేసి కూర్చుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. అడ్వకేట్ జనరల్, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తాత్కాలిక గవర్నర్, సంగీత నాటక అకాడమీ అధ్యక్షుడు, ఆర్థిక సంఘం అధ్యక్షుడు, చివరగా కేంద్ర రాష్ట్ర సంబంధాల కమిటీకి అధ్యక్షుడు. ఇన్ని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక కుర్చీలో కూర్చున్నప్పుడు చూసినదాన్ని తర్వాతి కుర్చీలో మరిచిపోకపోవడంలోనే రాజమన్నారు గారి ప్రత్యేకత నాకు కనిపిస్తుంది. అధికారం ఎక్కడిదాకా వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్న ఆలోచన ఆయన్ని ముప్పై ఏళ్ళు వదల్లేదు. ఆ ఆలోచన ఎలా మారుతూ వచ్చిందో చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

1901 మే 24న పుట్టారు. తండ్రి వెంకటరమణారావు నాయుడు గారు పేరున్న న్యాయవాది, తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి. ఆ ఇంటి ఆఫీసులోనే ఇంకో యువకుడు పని నేర్చుకున్నాడు. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన కోకా సుబ్బారావు, ఆ ఇంటి అల్లుడు. మామగారు న్యాయమూర్తి అయ్యాక బావా బావమరిదీ కలిసి ప్రాక్టీసు నడిపారు. ఒకే ఆఫీసు, ఒకే బల్ల, ఒకే కట్ట విప్పి చదివిన ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రెండోవారు సుప్రీంకోర్టుకు వెళ్ళలేదు. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

1944లో రాజమన్నారు గారు మద్రాసు ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్ అయ్యారు. ఆయనకు ముందు ఆ పదవిలో పదిహేనేళ్ళు ఉన్నది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మన నెల్లూరు సీమవారు, తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నవారు. అంతటివారి తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం తేలిక కాదు. కానీ రాజమన్నారు గారు అందులో ఏడాదికి మించి లేరు. 1945లో న్యాయమూర్తి, 1948లో ప్రధాన న్యాయమూర్తి. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి ఆయనే. అప్పటికి యాభై కూడా నిండలేదు. పదమూడేళ్ళు, అంటే 1961 దాకా, ఆ స్థానంలో ఉన్నారు.

ఆ కోర్టు అప్పుడెంత పెద్దదో ఇప్పటి పిల్లలకు ఊహకందదు. విశాఖపట్నం జిల్లా రైతు దావా అక్కడికే, మలబారు కొబ్బరితోట తగాదా అక్కడికే, అనంతపురం అప్పీలు అక్కడికే, దక్షిణ కన్నడ దేవాలయం వ్యాజ్యం అక్కడికే. మనది అప్పుడు సేలం జిల్లా. ఇక్కడి భూతగాదా సేలం జిల్లా కోర్టు దాటితే ఆ ఎర్రటి భవనానికే పోవాలి. రాజమన్నారు గారి కళ్ళముందే ఆ అధికార పరిధి కరిగిపోయింది. 1954 జులైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది, దానికి తొలి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్ళింది సుబ్బారావు గారే. 1956లో మలబారు, దక్షిణ కన్నడ విడిపోయాయి. తన చేతికింది భూమి సగానికి పైగా పోయినా, మిగిలిన కోర్టు పేరు తగ్గకుండా నడిపారు.

ఇప్పుడు తీర్పుల దగ్గరికి వద్దాం. అన్నీ చెప్పను, మూడు చెబుతాను.

మొదటిది వి.జి. రో కేసు. 1950 నాటి పరిస్థితి గుర్తు చేసుకోండి. తెలంగాణలో సాయుధ పోరాటం, మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, జైళ్ళు నిండిపోయి ఉన్నాయి. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి నెలలే. మద్రాసులో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అని ఒక రిజిస్టరైన సంఘం ఉండేది. 1950 మార్చిలో ప్రభుత్వం ఒక జీవో తీసి దాన్ని చట్టవిరుద్ధ సంఘం అని ప్రకటించింది. ఆ అధికారం ఎక్కడిది? 1908 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం, బ్రిటిషు వాళ్ళు విప్లవకారుల కోసం రాసుకున్నది. దానికి స్వతంత్ర మద్రాసు ప్రభుత్వం 1950లో ఇంకో సవరణ కలిపింది. ప్రభుత్వం ప్రమాదకరం అనుకుంటే చాలు, సంఘం చట్టవిరుద్ధం అవుతుంది. ఒక సలహా మండలి చూస్తుంది గానీ, సంఘంవాళ్ళు దాని ముందుకు వచ్చి తమ మాట తాము చెప్పుకునే హక్కు లేదు. గెజిట్‌లో వేస్తే చాలు, చేతికి నోటీసు ఇవ్వక్కరలేదు.

వి.జి. రో ఆ సంఘం కార్యదర్శి, స్వయంగా న్యాయవాది. హైకోర్టుకు వెళ్ళారు. రాజమన్నారు గారు, సత్యనారాయణరావు గారు, విశ్వనాథశాస్త్రి గారు ఫుల్ బెంచిగా కూర్చుని, 1950 సెప్టెంబరులో ఆ సవరణ చెల్లదని తేల్చారు. సంఘాలు పెట్టుకునే హక్కును 19వ అధికరణం ఇచ్చింది, ఆ హక్కు మీద ఆంక్ష సమంజసంగా ఉండాలి, విచారణ లేని ఆంక్ష సమంజసం కాదు. 1952 మార్చి 31న పతంజలిశాస్త్రి గారి నాయకత్వంలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఇవాళ్టికీ ‘సమంజసమైన ఆంక్ష’ అంటే ఏమిటని ఏ లా కాలేజీలో అడిగినా ముందు చెప్పే కేసు అదే. లా విద్యార్థులు చాలామంది సుప్రీంకోర్టు తీర్పు చదివి ఊరుకుంటారు. దాని వేరు మద్రాసులో ఉంది.

నన్ను ఆకట్టుకునేది ఇంకొకటి. ఐదారేళ్ళ కిందట ఇదే మద్రాసు ప్రభుత్వానికి వకీలు ఆయన. సర్కారు జీవో ఎలా తయారవుతుందో, ఫైలు ఎలా కదులుతుందో, ఆంతరంగిక రక్షణ పేరుతో ఏమేమి రాస్తారో ఆయనకు లోపలి నుంచి తెలుసు. అలా తెలిసినవాడు సాధారణంగా ప్రభుత్వాన్ని నమ్మడానికి అలవాటు పడతాడు. ఆయన ఆ అలవాటులో పడలేదు.

రెండోది చంపకం దొరైరాజన్ కేసు. ఇది చెప్పడం నాకు కష్టం, ఈ సభలో మరీ కష్టం. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజినీరింగ్ సీట్లకు కమ్యూనల్ జీవో అమల్లో ఉండేది. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, హరిజనులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి ఒకటి, ముస్లిములకు ఒకటి. చదువు మొహం చూడని కులాలకు మొదటి తలుపు తెరిచింది ఆ లెక్కే. 1950 జులైలో రాజమన్నారు గారి ఫుల్ బెంచి ఆ జీవోను కొట్టేసింది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ప్రవేశాన్ని కులం కారణంగా నిరాకరించకూడదని 29వ అధికరణం రెండో క్లాజు చెబుతోంది, అంతే. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ద్రావిడ ఉద్యమం వీధుల్లోకి వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే రాజ్యాంగానికి తొలి సవరణ వచ్చింది, 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది, వెనుకబడిన వర్గాలకు చదువులో ప్రత్యేక ఏర్పాట్లు చేసుకునే అధికారం ప్రభుత్వాలకు దక్కింది.

ఈ తీర్పును నేను సంతోషంగా చదవలేను. మన ఊళ్ళనుంచి మొదటిసారి డాక్టరైన పిల్లలు, ఇంజినీరైన పిల్లలు ఎవరి బలంతో అయ్యారో నాకు తెలుసు. కానీ రాజ్యాంగం అక్షరం అప్పుడు అలాగే ఉంది. ఉద్యోగాలకు 16వ అధికరణంలో నాలుగో క్లాజు రాసినవాళ్ళు చదువు దగ్గర అలాంటిది రాయలేదు. ఆ ఖాళీని న్యాయమూర్తి తన ఇష్టంతో పూడ్చి ఉంటే, రేపు ఇంకో న్యాయమూర్తి తన ఇష్టంతో తవ్వేసేవాడు. పార్లమెంటు పూడ్చింది గనక అది నిలిచింది. డెబ్బై ఏళ్ళకు పైగా మన పిల్లల సీట్లు ఆ క్లాజు మీదే నిలబడి ఉన్నాయి. తీర్పు తప్పా ఒప్పా అని నన్ను అడిగితే, అక్షరానికి ఒప్పు, ఆ ఏడాది సీటు పోయిన పిల్లవాడికి ఘోరం. రెండూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

మూడో కేసు మన తొరపల్లి బిడ్డకు సంబంధించింది. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు సొంత బలం చాల్లేదు. ప్రతిపక్షాలన్నీ ప్రకాశం పంతులు గారి వెనక చేరుతున్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ, ఎన్నికల్లో పోటీ చెయ్యని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని పిలిచారు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టులో రిట్ వేశారు. రాజమన్నారు గారు, వెంకటరామ అయ్యర్ గారు దాన్ని కొట్టేశారు. రామమూర్తి సొంత హక్కు ఏదీ భంగపడలేదు కాబట్టి ఆయన ఈ రిట్ వెయ్యలేడన్నారు.

ఆ రోజుల్లో రిట్ చట్టం అలాగే ఉండేది, ప్రజాప్రయోజన వ్యాజ్యం అన్న మాటే ఇంకా పుట్టలేదు. అయినా ఆ తీర్పు నాకు వెలితిగానే అనిపిస్తుంది. ఓటు వేసిన లక్షల మందికి సంబంధించిన విషయంలో ఏ ఒక్కరి హక్కూ తగలలేదంటే, అడిగే మనిషే లేకుండా పోతాడు. గవర్నర్ గీసుకున్న గీత దాకా కోర్టు వెళ్ళి ఆగిపోయింది.

ఐదేళ్ళ తర్వాత ఆ గీత అవతలి కుర్చీలో ఆయనే కూర్చోవలసి వచ్చింది. 1957 అక్టోబరు 1న మద్రాసు గవర్నర్ ఎ.జె. జాన్ పదవిలో ఉండగా మరణించారు. 1958 జనవరి దాకా, దాదాపు నాలుగు నెలలు, రాజమన్నారు గారు తాత్కాలిక గవర్నర్. ముఖ్యమంత్రి కామరాజ్. తగాదా ఏదీ లేని కాలం. ఆ నాలుగు నెలల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కానీ గవర్నర్ బల్ల మీదికి ఏ కాగితాలు వస్తాయో, ఢిల్లీ నుంచి ఫోను ఎలా మోగుతుందో చూసిన న్యాయమూర్తులు అప్పటికి దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆయన నాటక రచయిత. న్యాయవాదిగా ఉన్న రోజుల్లోనే రాసిన ‘తప్పెవరిది’ నాటకాన్ని బళ్ళారి రాఘవ ఆడారు. రాఘవ కూడా వకీలే, బళ్ళారిలో పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఆడవేషం మగవాడే కట్టాలన్న కాలంలో రాఘవ చదువుకున్న స్త్రీలను రంగస్థలం ఎక్కించారు. ఆ నాటకంలో కొమ్మూరి పద్మావతీదేవి నటించారు. పురాణాలు, రాజుల కథలే ఎక్కువగా ఆడే వేదిక మీదికి ఇప్పటి ఇల్లు, ఇప్పటి భార్యాభర్తలు వచ్చారు. తర్వాత రాజమన్నారు గారు ఏకాంకికలు చాలా రాశారు. 1953 జనవరిలో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడిగా ఆయన్నే పెట్టారు. న్యాయమూర్తికి నాటకం ఎందుకని కొందరు అడిగేవాళ్ళు. వాదోపవాదాల్లో ఇద్దరి పక్షాన్నీ వాళ్ళ గొంతుతోనే వినగలగడం రెండు పనులకూ కావలసిన గుణం. చంపకం తీర్పు రాసిన మనిషి కఠినుడని అనుకునేవాళ్ళు ఆయన ఏకాంకికలు ఒకసారి చదవాలి.

1961లో విరమణ. అప్పట్లో హైకోర్టు న్యాయమూర్తులకు అరవై ఏళ్ళే. చాలామంది అక్కడితో చాలిస్తారు. ఆయన జీవితంలో అసలు భాగం అప్పుడే మొదలైందని నా నమ్మకం.

1964లో నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆదాయపు పన్నులో రాష్ట్రాల వాటా మూడింట రెండు వంతులుంటే దాన్ని 75 శాతానికి పెంచమన్నారు. ఆ అంకె గురించి మన దగ్గర మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నాకు ముఖ్యమైంది ఆయన విడిగా రాసిన అభిప్రాయం. రాజ్యాంగం ఆర్థిక సంఘాన్ని పుట్టించింది, దాని పేరు అందులో ఉంది. ప్రణాళికా సంఘం పేరు రాజ్యాంగంలో ఎక్కడా లేదు. కానీ రాష్ట్రాలకు వెళ్ళే డబ్బులో పెద్ద భాగం ఆ పేరులేని సంఘం చేతిమీదుగానే వెళుతోంది. రెండింటి పనీ ఏమిటో రాజ్యాంగాన్ని సవరించి తేల్చమని ఆయన రాశారు. ఇక్కడ మళ్ళీ అదే న్యాయమూర్తి కనిపిస్తాడు: ఈ అధికారం నీకెవరిచ్చారు, కాగితం చూపించు.

1969 సెప్టెంబరులో కరుణానిధి ప్రభుత్వం కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద కమిటీ వేసింది. అధ్యక్షుడు రాజమన్నారు. సభ్యులు ఇద్దరే. ఒకరు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్, ఇరవై ఏడేళ్ళు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్. ఇంకొకరు పి. చంద్రారెడ్డి, ఆంధ్రప్రదేశ్, మద్రాసు హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. ముగ్గురు సభ్యుల కమిటీలో ఇద్దరు తెలుగు న్యాయమూర్తులు, తమిళనాడు స్వపరిపాలన గురించి రాయడానికి! భాష ఏదైనా రాష్ట్రమన్నది ఇక్కడ బతికేవాళ్ళందరిదీ అని వాళ్ళు నోటితో చెప్పలేదు, పని చేసి చూపించారు.

1971 మే నెలలో నివేదిక ఇచ్చారు. ప్రధాని అధ్యక్షతన ముఖ్యమంత్రులందరూ సమానంగా కూర్చునే అంతర్రాష్ట్ర మండలి వెంటనే పెట్టాలి. ప్రణాళికా సంఘాన్ని తీసేసి చట్టబద్ధమైన సంస్థ పెట్టాలి. రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణాన్ని తీసేయాలి. రాష్ట్ర మంత్రివర్గాన్ని సంప్రదించకుండా గవర్నర్‌ను వెయ్యకూడదు. మంత్రులు గవర్నర్ ‘ఇష్టం ఉన్నంతవరకు’ పదవిలో ఉంటారన్న మాటను రాజ్యాంగంలోంచి తొలగించాలి. ఢిల్లీలో చాలామంది దీన్ని విడిపోవడానికి వేసిన మొదటి మెట్టుగా చూశారు. నివేదిక చదివితే అది విడిపోయేవాళ్ళ గొంతు కాదు. కలిసి ఉండడానికి షరతులు రాసుకుంటున్న ఇంటి పెద్దకొడుకు గొంతు.

1952లో గవర్నర్ చేసిన ఎంపిక మీద రిట్‌ను కొట్టేసిన న్యాయమూర్తి 1971 నాటికి ఇక్కడికి చేరారు. మధ్యలో గవర్నర్ కుర్చీ ఉంది, ఆర్థిక సంఘం లెక్కలు ఉన్నాయి, 1967 తర్వాత ఒకదాని వెంట ఒకటి పడిపోయిన రాష్ట్ర ప్రభుత్వాలు ఉన్నాయి. కోర్టు ఆపలేని చోట రాజ్యాంగమే ఆపాలని ఆయన తేల్చుకున్నారని నేను చదువుకున్నాను. నా చదువు తప్పని ఎవరైనా అనవచ్చు. నివేదికా, ఆ పాత తీర్పూ పక్కపక్కన పెట్టి చూడమనే నా విన్నపం.

ఈ నివేదిక రావడానికి నాలుగేళ్ళ ముందు బావగారు సుప్రీంకోర్టులో ఇంకో మార్గం పట్టారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల్లో ఆరుగురి మెజారిటీ వైపు, తనతో కలిపి ఐదుగురి తరఫున, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదని సుబ్బారావు గారు తీర్పు చెప్పారు. ఏప్రిల్‌లో రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఒకే ఆఫీసులో పని నేర్చుకున్న ఇద్దరు. ఒకరు ఢిల్లీ అధికారానికి కోర్టులో గోడ కట్టారు, ఇంకొకరు రాష్ట్రాల మధ్య పంచి తగ్గించమన్నారు. గోలక్‌నాథ్‌ను 1973లో కేశవానంద భారతి తీర్పు పక్కకు పెట్టి, మౌలిక స్వరూపం అన్న వేరే గోడ కట్టింది. రాజమన్నారు నివేదిక అమలు కాలేదు, కానీ 1974 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ దాని ఆధారంగానే రాష్ట్ర స్వపరిపాలన తీర్మానం చేసింది.

తర్వాత జరిగింది వేగంగా చెబుతాను. 1976 జనవరి 31న 356వ అధికరణంతోనే ఆ కరుణానిధి ప్రభుత్వాన్ని పడగొట్టారు. 1984 ఆగస్టులో హైదరాబాదులో గవర్నర్ రామ్‌లాల్, అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ఎన్టీ రామారావు గారిని తన ‘ఇష్టం’ తీరిపోయిందన్నట్టుగా తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రామారావు ఢిల్లీ వెళ్ళారు, గవర్నర్ మారారు, నెల తిరిగేసరికి రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి. ఆ నెలరోజులూ మన ఊళ్ళలో రేడియో దగ్గర గుమిగూడిన పెద్దలు ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఉన్నారు. పదమూడేళ్ళ కిందట రాజమన్నారు కమిటీ తీసెయ్యమన్న మాట అదే. అంతర్రాష్ట్ర మండలి 1990లో వచ్చింది, కానీ సమావేశాలు అరుదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు 356 మీద కోర్టు కన్ను వేసింది, బలం శాసనసభలోనే తేలాలంది. ప్రణాళికా సంఘం 2015కల్లా పోయింది, రాష్ట్రాలకు చట్టబద్ధమైన హామీ మాత్రం దాని స్థానంలో రాలేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం ఇదే విషయం మీద జస్టిస్ కురియన్ జోసెఫ్ అధ్యక్షతన ఇంకో కమిటీ వేసింది.

356 సంగతి కొంత సర్దుకుంది. కానీ మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతవరకు పదవిలో ఉంటారని చెప్పే 164వ అధికరణంలోని ఆ మాటను 1971 నుంచి ఇప్పటిదాకా ఎవరూ తొలగించలేదు. మీ చేతిలోని ఏ రాజ్యాంగ ప్రతి తెరిచినా మొదటి క్లాజులోనే ఉంటుంది.